బిల్లీకి ఇజ్జత్, కుత్తాకి రాళ్ళు

మా చందర్లపాడు సాయిబుల ఇళ్ళల్లో పిల్లికి ఉన్న ఇజ్జత్ కుక్కకి లేదు. పిల్లి దస్తర్‌ఖాన్ పక్కన కూర్చుని ముర్గీ ఎముకలు అడుక్కుంటుంది, జానమాజ్ మీద పడుకుంటుంది, ఎవరూ ఏమీ అనరు. కుక్క వాకిట్లోకి తొంగి చూసిందా, "హట్!" అంటూ చీపురు లేస్తుంది.

దీనికి దీన్‌లో ఆధారం లేకపోలేదు. పిల్లి నాపాక్ కాదని, అది మన మధ్య తిరిగే జీవమని హదీస్‌లో ఉంది. అబూ ఖతాదా వజూ నీళ్ళ గిన్నెని పిల్లి తాగడానికి వీలుగా వంచారు. కుక్క మూతిపెట్టిన గిన్నెని మాత్రం ఏడుసార్లు కడగమన్నారు. సరే. కానీ ఆ ఏడుసార్లూ గిన్నెకి. కుక్కని కొట్టమని ఆ మాటలో లేదు. దాహంతో మట్టి నాకుతున్న కుక్కకి బావిలో దిగి తన తోలుమేజోడుతో నీళ్ళు తెచ్చి పోసిన మనిషికి మగ్‌ఫిరత్ దొరికిన కిస్సా కూడా హదీసుల్లోదే. మన హనఫీ ఫిఖహ్‌లో నాపాక్ అనేది దాని లాలాజలం. పొడి ఒళ్ళు తగిలినంత మాత్రాన బట్టలు నాపాక్ కావు. మా గల్లీలో ఈ మాట చెబితే సగంమంది నమ్మరు.

మా నానీ చదువుకోలేదు గానీ జంతువుని చదివేది. "ముఁసే నై బోల్తే, దుమ్‌సే బోల్తే" అనేది. నోటితో కాదు, తోకతో మాట్లాడతాయట. తోక నిటారుగా లేపి, కొస కాస్త వంచి వచ్చే పిల్లి సలామ్ చెబుతున్నట్టు. తోకని నేలకేసి కొడుతూ, చెవులు వెనక్కి అణిచిందంటే చెయ్యి తీసెయ్యాలి. పొట్ట చూపిస్తూ దొర్లేది నిమరమని కాదు, నీమీద భరోసా ఉందని చెప్పడానికే. ఆ పొట్ట మీద చెయ్యేసి గోళ్ళు తిన్న పిల్లలు మా ఖాందాన్‌లో ప్రతి తరంలోనూ ఉన్నారు. గురగుర కూడా ఎప్పుడూ ఖుషీ కాదు. నొప్పితో ఉన్న పిల్లి కూడా గురగురమంటుంది.

మూడు రంగుల పిల్లి వస్తే ఇంటికి బర్కత్ అనేది నానీ. అది ఎప్పుడూ ఆడదే అని కూడా అనేది. బర్కత్ సంగతి అల్లాకే ఎరుక గానీ, రెండోమాట దాదాపు సైన్సే. నారింజ రంగు జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. నలుపు, నారింజ రెండూ ఒకే ఒంటి మీద కనబడాలంటే రెండు ఎక్స్‌లు కావాలి, అంటే ఆడపిల్లి. మగది పుట్టడం చాలా అరుదు, పుడితే మామూలుగా దానికి ఒక ఎక్స్ ఎక్కువ ఉంటుంది. ఆ రంగు మార్పు ఏ జన్యువులో ఉందో జపాన్, అమెరికా శాస్త్రవేత్తలు తేల్చి 2025లో ప్రచురించారు. నానీ ఉంటే "ఇప్పుడా తెలిసింది?" అనేది.

పిల్లి ఒళ్ళు నాక్కోవడం మానేసి, వెంట్రుకలు అట్టలు కడితే ఎక్కడో జబ్బు ఉన్నట్టే. మగపిల్లి పదేపదే ఇసుకలో కూర్చుని ముక్కుతుంటే మలబద్ధకమని ఆముదం పోస్తారు చాలామంది. చాలాసార్లు అది మూత్రం బిగిసిపోవడం. రెండు మూడు రోజుల్లో జాన్ పోతుంది. మా షేరూని బియ్యం సంచిలో పెట్టి బైక్ మీద నందిగామ తీసుకెళ్ళాం, అల్హమ్దులిల్లా, బతికాడు. ఇంకోటి, మన జ్వరం మాత్ర పారాసెటమాల్ ముక్క కూడా పిల్లికి జహర్.

కుక్క సంగతికి వస్తాను. మిర్చి కోతల రోజుల్లో మసీదు వెనక గల్లీలోకి ఒక కుక్క వచ్చింది. ఒంటి మీద సగం వెంట్రుకలు లేవు, చర్మం ఏనుగు చర్మంలా మందంగా, నల్లగా. "పాగల్ కుత్తా" అని మొహల్లా అంతా ఒక్కటైంది. కుర్రాళ్ళు కర్రలు తెచ్చారు. పొలానికి కొన్న పురుగుమందు గుళికలు అన్నంలో కలుపుదామని ఒకాయన అన్నాడు. మిర్చి, పత్తి పండించే ఊళ్ళో జహర్‌కి కొరతేముంది.

అబ్బా అడ్డం నిలబడ్డారు. "చూడండి, తిన్నగా నడుస్తోంది. నీళ్ళు తాగుతోంది. మనల్ని చూసి తోక కాళ్ళ మధ్య పెట్టుకుని పక్కకి పోతోంది. చెవుల అంచులు, మోచేతులు చూడండి. ఖుజ్లీ ఇది" అన్నారు. పిచ్చి పట్టిన కుక్క నడక తూలుతుంది, దవడ వేలాడుతుంది, చొంగ కారుతుంది, అరుపు మారిపోతుంది, ఎదురొచ్చినదాన్నల్లా కరుస్తుంది. కొన్ని మాత్రం అరవకుండా మూల నక్కి ఉంటాయి, కాబట్టి చూపుతోనే తేల్చేయకూడదు. పశువుల డాక్టర్‌ని పిలిచాం. ఆయన కూడా గజ్జే అన్నారు. సూది వేశారు, రెండు వారాలకి మళ్ళీ వేశారు. వాడేసిన ఇంజిన్ ఆయిల్ పూయొద్దని గట్టిగా చెప్పారు. కుక్క నాక్కుంటే అదీ జహరే. ఆ గజ్జి మనుషులకీ దురద తెప్పిస్తుందని, పిల్లల్ని దూరంగా ఉంచమని కూడా అన్నారు.

ఇప్పుడు దాని ఒంటి మీద లేత గోధుమరంగు వెంట్రుకలు వచ్చాయి. రాత్రిళ్ళు మిర్చి కల్లం దగ్గర పడుకుంటోంది. కర్ర తెచ్చిన కుర్రాళ్ళలో ఒకడు దానికి రొట్టె వేస్తున్నాడు.

అమ్మీకి మాత్రం ఖౌఫ్ పోలేదు. అది సహీ ఖౌఫే. ఏ కుక్క కరిచినా, గోకినా, ఇంటి పిల్లి గోకినా సరే, కారం, పసుపు, సున్నం పెట్టకూడదు. సబ్బు పెట్టి పారే నీళ్ళ కింద 15 నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి పోవాలి. సర్కారీ ఆసుపత్రిలో టీకా ఉచితం. ఒక్క డోసుతో ఆపకూడదు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక ఇలాజ్ లేదు.

జూలై 6న పశువుల ఆసుపత్రుల్లో కుక్కలకి రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు. ఈ కుక్కకి యజమాని లేడు, గొలుసు లేదు. ఎవరు పట్టుకెళ్ళాలన్నదే మా గల్లీలో ఇప్పుడు బహస్. అబ్బా ఏమీ మాట్లాడకుండా మిర్చి బస్తాలు కుట్టే పురికొసతో తాడు పేనుతున్నారు.