వారానికి ఎన్ని షీట్ మాస్కులు?

"అక్కా, షీట్ మాస్క్ రోజూ పెట్టుకోవచ్చా?" ఈ మధ్య మా ఊళ్లో అమ్మాయిలు నన్ను ఎక్కువగా అడుగుతున్న ప్రశ్న ఇది. నేనేమో స్కిన్ డాక్టర్‌ని కాదు. బెంగళూరు కంపెనీకి కమలాపురంలో ఇంట్లో కూర్చుని కోడ్ రాసే సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌ని. కానీ ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లకి అన్నీ తెలుసని మావాళ్ల నమ్మకం.

సరే, ముందు జవాబు చెప్పేస్తా. మామూలు చర్మానికి వారానికి ఒకటి, మహా అయితే రెండు చాలు. బాగా పొడిబారే చర్మం ఉండి, మాస్కులో తేమనిచ్చేవి మాత్రమే ఉంటే మూడు దాకా పర్వాలేదు. సాలిసిలిక్, గ్లైకాలిక్ లాంటి యాసిడ్లు ఉంటే మాత్రం వారానికి ఒక్కసారే. ఒక్కో మాస్కు 15 నుంచి 20 నిమిషాలు. రాత్రంతా వద్దు.

ఎందుకంటే, షీట్ మాస్క్‌లో మాయేమీ లేదు. సీరమ్‌లో నానబెట్టిన పల్చటి గుడ్డ అది. ఆ సీరమ్‌లో ఎక్కువ భాగం నీళ్లే. వాటికి తోడు గ్లిసరిన్, హైలురోనిక్ యాసిడ్, నియాసినమైడ్ లాంటివి. తడి గుడ్డ ముఖాన్ని కప్పేసి ఉంచితే తేమ గాల్లోకి పోదు. చర్మం పైపొర ఆ నీటిని పీల్చుకుని కాస్త ఉబ్బుతుంది. సన్నని గీతలు సర్దుకుని ముఖం నిగనిగలాడుతుంది. కొన్ని గంటలకి ఆ నీరు ఆరిపోతుంది, మెరుపూ తగ్గుతుంది. పైగా పైపొరని రోజూ నానబెడుతుంటే అది బలహీనపడి చిన్నచిన్న వాటికే మంట పుడుతుంది.

ఇక మన సీమ గాలి సంగతి వేరు. మా ఊరి దగ్గరే పాపాఘ్ని వెళ్లి పెన్నలో కలుస్తుంది. పేరుకి రెండు నదులు. ఏడాదిలో ఎక్కువ రోజులు కనిపించేది ఇసకే. ఎండాకాలం 40 డిగ్రీలు దాటితే ఫ్యాన్ కూడా వేడి గాలే కొడుతుంది. ఇట్లాంటి చోట ప్యాకెట్ మీద రాసిన టైమ్ కంటే ముందే మాస్కు ఆరిపోతుంది. ఆరిన గుడ్డ ముఖం మీదే ఉంటే ఇచ్చిన తేమని తిరిగి లాక్కుంటుంది. అందుకే గడియారం చూడొద్దు, అంచులు తడిమి చూడండి. ఇంకా తడిగా ఉండగానే తీసేసి, వెంటనే మాయిశ్చరైజర్ రాయండి. చలికాలం కాళ్ల మీద తెల్లగా చారలు పడితే, స్నానం చేసిన తడి ఆరకముందే కొబ్బరినూనె రాసుకోమని మా అవ్వ ఊరికే చెప్పలేదు. నీళ్లు పెట్టడం ఒక పని, వాటిని పోకుండా ఆపడం ఇంకో పని.

అసలు ఇదంతా నేను చదవాల్సి వచ్చింది మా చిన్నమ్మ కూతురి వల్ల. పోయినేడు దానికి పెళ్లి కుదిరింది. చూడ్డానికి వచ్చినవాళ్లలో ఎవరో "పిల్ల బాగుంది గానీ, రంగే కొంచెం తక్కువ" అన్నారు. అనేసి కాఫీ తాగి వెళ్లిపోయారు. ఆ మాట మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది. చెల్లెలు ఆన్‌లైన్‌లో రకరకాలవి కలిపి 30 మాస్కులు తెప్పించింది. రోజుకొకటి లెక్క. ఆరో రోజుకి బుగ్గలు ఎర్రగా కందిపోయి, నీళ్లు తగిలినా మంటే. చిన్నమ్మ ఏడుపు ఒక్కటే తక్కువ. "ఏమ్మే, పెళ్లి పెట్టుకుని ఇదేంది" అని.

కడపలో డాక్టర్ అన్నీ ఆపమన్నారు. మందు రాసి, తేలికపాటి మాయిశ్చరైజర్ తప్ప ఏదీ ముట్టుకోవద్దన్నారు. నేను ఖాళీ ప్యాకెట్లన్నీ ముందేసుకుని కూర్చున్నా. ఒకదాంట్లో సాలిసిలిక్ యాసిడ్, ఇంకోదాంట్లో ఆల్కహాల్, దాదాపు అన్నింట్లో సువాసన కోసం కలిపేవి. ఆరు రోజుల్లో ఆరు రకాలు. ఏది పడలేదో ఎట్లా తెలుస్తుంది? మా పనిలో ఒకేసారి ఆరు మార్పులు చేసి, సర్వర్ పడిపోతే ఏ మార్పు వల్లో కనుక్కోలేం. ముఖమూ అంతే. ఒక రకం ఎంచుకోండి. ముందు చెవి వెనక కాస్త సీరమ్ రాసి ఒక రోజు చూడండి. పడితే కొన్ని వారాలు అదే వాడండి.

కొనేముందు ప్యాకెట్ వెనక చదవండి. ఏమేం కలిపారో లేబుల్ మీద ఉందో లేదో చూడండి. మన దేశంలో కాస్మెటిక్స్ రూల్స్, 2020 ప్రకారం బయటి దేశం సరుకైతే రిజిస్ట్రేషన్ నంబర్ కూడా ఉండాలి. అవేవీ లేకపోతే ఎంత చవకైనా వద్దు.

రంగు సంగతి కూడా మాట్లాడుకుందాం. మన రంగు మెలనిన్ వల్ల వస్తుంది. అది తయారయ్యేది పైపొర అడుగున. 20 నిమిషాల తడి గుడ్డ దాన్ని మార్చలేదు. నియాసినమైడ్ మచ్చల్ని కొంత తగ్గించొచ్చు, దానికీ వారాలు, నెలలు పడుతుంది. పుట్టుకతో వచ్చిన రంగు జోలికి అది పోదు. 2020లో ఫెయిర్ అండ్ లవ్లీ పేరు గ్లో అండ్ లవ్లీ అయింది. డబ్బా మీద మాట మారింది గానీ మన ఇళ్లలో మారలేదు. చెల్లెలి ముఖం మంటకి కారణం మాస్కు అయితే, ఆ మాస్కుకి కారణం ఆ ఒక్క మాట.

పెళ్లికి నలుగు పెట్టినప్పుడు దాని బుగ్గలు మామూలయ్యాయి. శనగపిండి ముఖానికి వద్దని డాక్టర్ చెప్పారని చేతులకీ కాళ్లకీ మాత్రమే రాశారు. ఆలోచిస్తే, నలుగు కూడా పండక్కో పెళ్లికో పెట్టేదే గానీ రోజూ రుద్దేది కాదు. పెళ్లి ఫొటోల్లో చెల్లెలు దాని రంగులోనే ఉంది. ఫొటోగ్రాఫర్ తెల్లగా చేస్తానంటే అదే వద్దంది.

కాబట్టి డబ్బుని వరుసలో పెట్టుకోండి. ముందు మాయిశ్చరైజర్, ఆ తర్వాత మన ఎండకి ఎస్‌పీఎఫ్ 30 లేదా అంతకంటే ఎక్కువున్న సన్‌స్క్రీన్. ఈ రెండూ రోజూ కావాలి. మిగిలితే షీట్ మాస్క్, ఆదివారం ఒకటి, ఫ్యాన్ కింద కాళ్లు చాపుకుని కూర్చోవడానికి ఒక సాకుగా. మంట పుడితే మాత్రం 20 నిమిషాలు ఆగొద్దు, వెంటనే తీసి కడిగేయండి.