గెట్టు మీది బేరీ చెట్టు

మయ్యత్‌కు గుస్ల్ ఇచ్చే నీళ్లలో బేరీ ఆకు వేసి కాచడం మన ఇళ్లలో అందరికీ తెలిసిందే. ప్రవక్త (స) తన బిడ్డకు గుస్ల్ ఇచ్చేవాళ్లతో నీళ్లలో సిద్ర్ కలపమన్నారని హదీసుల్లో ఉంది. సిద్ర్ అరబ్బు దేశపు రేగు జాతి చెట్టు. మన దగ్గర ఆ పనికి మన రేగే. కిందటేడు మా ఖాలూ ఇంతెఖాల్ అయినప్పుడు గుప్పెడు ఆకు కోసం ఇద్దరు పిల్లలు బండి మీద మూడు ఊళ్లు తిరిగారు. మా దాదా కాలంలో అయితే ఏ గెట్టు మీదికి పోయినా దొరికేది.

గెట్టే లేకపోతే ఆకు ఎక్కడిది? మాది సిరిసిల్ల దగ్గర, మానేరు పక్క పల్లె. నీళ్లొచ్చాక మా దిక్కు చెలకలు చాలావరకు పొలాలయ్యాయి, అల్హమ్దులిల్లాహ్. కానీ చెలక ఉన్నప్పుడు గెట్టు రెండు బారల వెడల్పుండేది. రేగు, తుమ్మ, మోదుగ, తంగేడు, వావిలి, నడుమ ఈత చెట్లు. ఇప్పుడు జేసీబీ గంటసేపు తిరిగితే అంతా సాఫ్. మిగిలిన గడ్డికి మందు. గ్లైఫోసేట్‌ను పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు తప్ప ఇంకెవరూ కొట్టొద్దని కేంద్రం 2022 అక్టోబరులో ఆంక్ష పెట్టింది. గెట్ల మీద ఎండిన గడ్డి రంగు చూస్తే ఆ మాట ఎందరు విన్నారో తెలుస్తుంది.

ఆ కంపలో ఎంత మఖ్లూఖ్ బతికేదో చిన్నప్పుడు లెక్క పెట్టలేదు. కౌజులు, ముంగిస, ఉడుము, కుందేలు. బావి మీదికి వంగిన తుమ్మకు గిజిగాడి గూళ్లు. సిరిసిల్లలో సాంచాల మీద బట్ట నేసేవాళ్లకు కూడా ఆ అల్లిక చూస్తే ముచ్చటే. వానాకాలంలో మగపిట్ట వరి ఆకు చీల్చి పోగులు తీసి సగం గూడు అల్లుతుంది. ఆడది వచ్చి చూసి, నచ్చితేనే కాపురం. వరి గింజ తింటుంది, నిజమే. పిల్లలకు మాత్రం పురుగులు తెచ్చి పెడుతుంది. దసరాకు పాలపిట్టను చూడాలని అందరూ వెతుకుతారు, అది మన రాష్ట్ర పక్షి కూడా. కానీ అది గుడ్లు పెట్టే ఎండిన తాటి మోడును మాత్రం పనికిరాదని పడగొడతారు. గుడ్లగూబ, చిలుక కూడా ఆ తొర్రల్లోనే. జెర్రిపోతు, గుడ్లగూబ పోతే ఎలుకలు మిగులుతాయి. ఎలుకల మందు ఖర్చు మా భాయిజాన్‌ను అడగండి.

అసలు గొడవ భాయిజాన్‌తోనే. తూర్పు గెట్టు మీద దాదా నాటి బేరీ ఒకటి మిగిలింది, చుట్టూ పరికి కంప. "నీడకు నాలుగు సాళ్లు పండవు, హార్వెస్టర్ మలగదు. నువ్వు టౌన్‌ల కూసోని చెప్తవు, నీకేం?" అన్నాడు. నీడ మాట అబద్ధం కాదు. దట్టమైన కంపలో అడవి పందులు దాక్కుంటాయన్నదీ నిజమే, వాటితో పడే బాధ ఊళ్లో ఉన్నవాళ్లకే తెలుసు. అందుకని నేను సవాబ్ మాట ముందు తీయలేదు.

తర్వాత తీశాను. సిద్ర్ కొట్టేవాడి గురించి గట్టి హెచ్చరిక ఒకటి సునన్ అబూ దావూద్‌లో ఉంది. దాన్ని ఇమామ్ అబూ దావూద్ తానే వివరించారు: బయలులో బాటసారులకూ జంతువులకూ నీడనిచ్చే చెట్టును అవసరం లేకుండా, అన్యాయంగా కొట్టినవాడి గురించి ఆ మాట అని. నీడ మనిషికే కాదు, జంతువుకూ అని అందులో ఉంది చూడండి. మన చెట్టు నుంచి పిట్ట తిన్నా సదఖాయే అన్న హదీస్ భాయిజాన్‌కు నాకంటే బాగా తెలుసు. చట్టం సంగతీ చెప్పాను. 2002 నాటి వాల్టా ప్రకారం పట్టా భూమిలోనైనా చాలా రకాల చెట్లకు ఇజాజత్ కావాలి. దానికి మాత్రం నవ్వాడు.

చివరికి ఒప్పందం కుదిరింది. రేగును నరికినా మళ్లీ చిగురిస్తుంది. ఎండాకాలంలో ఆకు రాల్చుకుని ఉంటుంది కాబట్టి మే నెలలో పొలం వైపు కొమ్మలు కొట్టేస్తే పంటకు నీడ తగ్గుతుంది, కంపేమో దొడ్డి కంచెకు. వానాకాలంలో ముట్టొద్దు, అప్పుడు పూత, పిట్టల గూళ్లు. పరికి కంపను ఒక ఏడు ఒక పక్క, మరో ఏడు రెండో పక్క పలచన చేయాలి; మొత్తం ఒకేసారి కాదు. అడుగున పందికి చాటు లేకుండా ఊడ్చి, పైన పిట్టకు వదలాలి. కోసిన కొంత కంప మూలకు కుప్పేస్తే ముంగిసకు సరిపోతుంది. గెట్టుకు నిప్పు పెట్టొద్దు, మందు కొట్టొద్దు. హార్వెస్టర్ మలగడానికి పడమటి మూల పూర్తిగా భాయిజాన్‌కే వదిలేశాను. అక్కడ రెండు తంగేడు పొదలు పోయాయి.

తాటి మోడు సంగతి ఇంకా తేలలేదు. గాలికి మోటారు గది మీద పడుతుందని ఆయన భయం. గది అటు జరపడానికి నాలుగు వేలవుతుందని మేస్త్రీ అన్నాడు. ఈ రబీ పంట డబ్బులు రాగానే సగం నేనిస్తానన్నాను. ఫిబ్రవరిలో పోయినప్పుడు తొర్ర దగ్గర నీలిరెక్కల జంట తిరుగుతోంది.