విప్పి పట్టుకుపోయే మేజాబల్ల

మా ఇంట్లో నేలమీద జరగని పని లేదు. దస్తర్‌ఖాన్ పరిచేది నేలమీదే. జానిమాజ్ పరిచేదీ నేలమీదే. బి.ఏ. అయ్యేదాకా నేను చదివిందీ రాసిందీ నేలమీద కూచుని, రేకుపెట్టె మీద కాగితాలు పెట్టుకునే. చదువుకోసమని మా ఇంట్లో ఉన్న చెక్క సామాను ఒక్కటే. అమ్మీ ఖురాన్ పెట్టుకునే రెహల్. ఒకే పలకను మధ్యలో పళ్లుపళ్లుగా కోసి, ఒకదాంట్లోంచి ఒకటి తిరిగేట్టు చేస్తారు దాన్ని. మేకు ఉండదు, బందు ఉండదు. తెరిస్తే నిలబడుతుంది. మూస్తే మళ్లీ పలకై చంకలోకి వస్తుంది.

పత్రికలో ఉద్యోగం దొరికాక ఒక బల్ల కొన్నాను. చెక్కపొట్టును జిగురుతో అదిమి చేసిన రకం. రెండోసారి ఇల్లు మారేసరికి దాని మూలలు రాలాయి. మూడోసారి దారిలో వానకు తడిసి రొట్టెలా ఉబ్బింది. బల్లది తప్పంటారా, ఇల్లు మారడానిదా?

ఆరేళ్లలో నాలుగు ఇళ్లు మారాం. ఫోన్లో నా తెలుగు విని రమ్మంటారు. వెళ్లాక పేరు అడుగుతారు. పేరు చెప్పేసరికి ఆ ఇల్లు అంతకుముందే ఎవరికో ఇచ్చేసి ఉంటారు. కొందరు మర్యాదస్తులు. 'మాకేం లేదండీ, పక్కవాళ్లు ఒప్పుకోరు' అంటారు. పోతూపోతూ 'మీ తెలుగు చాలా బాగుందండీ, ఎట్లా నేర్చుకున్నారు?' అని కూడా అడుగుతారు. పుట్టిన ఊళ్లో మాట్లాడే భాషను ఎవరైనా ఎట్లా నేర్చుకుంటారో నాకూ తెలియదు. కులం అడిగి తలుపు మూసే సంగతి దళిత మిత్రులకు నేను కొత్తగా చెప్పాల్సింది లేదు.

అందుకే ఈసారి బల్ల నేనే చేసుకోవాలనుకున్నాను. ఒకటే షరతు. రెహల్ లాగా విప్పడానికి రావాలి.

కలప రెండు చోట్ల దొరికింది. నల్లగొండ జిల్లాలో మా దాదా కట్టిన పెంకుటిల్లు వానలకు కూలిపోయింది. దాని దర్వాజ చౌకట్టు టేకుది. ఆరున్నర అడుగుల నిలువు చెక్కలు రెండు. అడుగున చెదలు తిన్న అడుగు మేర కోసేస్తే, ఒక్కోదాంట్లోంచి 29 అంగుళాల కాళ్లు రెండేసి వచ్చాయి. పై పలకకు, పట్టీలకు గోదాములో పారేసిన సరుకు పలకలు. బరువైన పెట్టెల కింద పెట్టే తట్టలవి. నాలుగంగుళాల వెడల్పువి ఆరు పక్కపక్కన పెడితే రెండడుగులు. పొడవు నాలుగడుగులు. ఇనుప సామానుతో కలిపి మొత్తం వెయ్యి రూపాయల చిల్లర ఖర్చు.

మీరూ చేసుకోవాలనుకుంటే రెండు సంగతులు గుర్తుపెట్టుకోండి. విదేశాలకు తిరిగే సరుకు పలకల మీద ముద్ర ఉంటుంది. 'హెచ్‌టి' అని ఉంటే పురుగు చావడానికి కాల్చిన వేడే తప్ప మందు తగల్లేదని అర్థం. చెక్క లోపలిదాకా 56 డిగ్రీల వేడి 30 నిమిషాలు తగలాలన్నది నియమం. 'ఎంబి' అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించారని. దాన్ని ఇంట్లోకి తేవద్దు. ఇక పాత చౌకట్టులో విరిగిన మేకులుంటాయి. ముందు అయస్కాంతం తిప్పి వెతక్కపోతే పనిముట్ల పదును పోతుంది.

పని నేర్పింది మా వీధి చివర వడ్లాయన. ఆరు ఆదివారాలు ఆయన కొట్టంలోనే ఉన్నాను. 'నార ఎటు వోతె రందా గటే వోవాలె భాయ్‌సాబ్' అంటాడు. రందా తెమ్మంటాడు, బర్మా తెమ్మంటాడు, గున్యా పెట్టి చూడమంటాడు. మూడూ ఫారసీ మాటలే. మేకూ అంతే, మేఖ్. ఉలి, సుత్తె, రంపం, బాడిశ తెలుగువి. అన్నీ ఒకే సంచిలో ఉంటాయి. ఏది ఎవరిదని ఆయన ఎన్నడూ అడగలేదు. 2017లో తెలంగాణలో ఉర్దూను రెండో అధికార భాష చేస్తూ చట్టం వచ్చింది. వడ్లాయన తాతలు చట్టం కోసం ఆగలేదు.

నేను రాసుకునే సరంజామా కూడా అంతే. కాగితం ఫారసీ కాగజ్. కలం అరబ్బీది. కుర్చీ కూడా అరబ్బీదే. అమ్మీ పడుకునేముందు చదివే ఆయతుల్ కుర్సీలో ఉన్నది ఆ మాటే. మేజాబల్లలోనైతే రెండూ ఉన్నాయి. మేజ్ అన్నా బల్లే, బల్ల అన్నా బల్లే. ఒకటి చాలదని కాదు. ఇద్దరు పక్కపక్కన బతికితే ఒకరి మాట పక్కన ఇంకొకరి మాట వచ్చి కూచుంటుంది, అంతే. నువ్వు మేజావా బల్లవా తేల్చుకో అని నన్ను నిలదీసేవాళ్లు ఆ మాటను కూడా కోసి చూపించాలి.

కాళ్లు బిగించేనాడు వడ్లాయనకు నాకు వాదన పడింది. ఆయనకు చూల్ కావాలి. పట్టీ కొసను సన్నగా చెక్కి, కాలికి తొలిచిన బెజ్జంలో దించి జిగురు పెట్టడం. 'నూరేండ్లు కదలదు. ఈ బోల్టులెందుకు?' అన్నాడు. ఎందుకో చెప్పాను. ఆయన రందా కింద పెట్టి కొంచెంసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత 'గట్లయితె కాలుకు రెండు లెక్కన ఎనిమిది వెయ్' అని, రంధ్రాలు తానే వేశాడు.

పై పలకను మాత్రం జిగురుతో అంటించనివ్వలేదు. చెక్క వానకు ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుంటుంది. స్క్రూలకు పొడుగాటి బెజ్జాలు పెట్టి కదలడానికి చోటివ్వాలట. బిగపడితే పగులుతుందట. చివర రెండు పూతలు అవిసె నూనె పట్టించాం. నూనె గుడ్డలు ఉండచుట్టి పెడితే వాటంతటవే అంటుకుంటాయని ఆరుబయట పరిచి ఆరబెట్టాం.

ఈ వ్యాసం దానిమీదే రాస్తున్నాను. అమ్మాయి సాయంత్రాలు దానిమీదే లెక్కలు చేసుకుంటుంది. ఇప్పుడున్న ఇంట్లో ఏడాదిన్నర అయింది. ఇంటాయన మంచివాడు. పండగకు షీర్ ఖుర్మా పంపితే గిన్నె కడిగి పంపిస్తాడు. బోల్టులు గట్టిగానే బిగించి ఉన్నాయి. పానా మాత్రం అటక మీదికి ఎక్కించలేదు, చేతికందే చోటే పెట్టుకున్నాను.