కుళాయి వచ్చే వేళ

మన కథల్లో బావి ఉంది, చెరువుగట్టు ఉంది. కొలకలూరి ఇనాక్ ‘ఊరబావి’లో ఆ బావి చుట్టూ కులం ఉంది. మున్సిపల్ కుళాయి మాత్రం ఎక్కడో గాని కనబడదు. సాహిత్య పరిశోధకురాలిని గనక నాకు ముందు ఈ లోటే తట్టింది. 2018 మార్చిలో గుంటూరు ఆనందపేట, ఆ చుట్టుపక్కల పేటల్లో తాగునీటిలో మురుగు కలిసి, అతిసారంతో పదిమందికి పైగా చనిపోయాక అది ఒట్టి సాహిత్య విషయంగా మిగల్లేదు.

మా అత్తగారి ఊళ్ళో రోజు విడిచి రోజు, తెల్లవారుజామున నాలుగున్నరకి నీళ్ళొస్తాయి. ముప్పావుగంటే. అత్తయ్య మొదటి రెండు బిందెలూ పారబోస్తుంది. తర్వాత దోసిట్లోకి పట్టి రంగు చూసి, వాసన చూసి, అప్పుడు నింపడం మొదలుపెడుతుంది. నేను లేవబోతే “నువ్వు పడుకో అమ్మాయ్, ఆ వాసన నీకు తెలీదు” అంటుంది. నలభయ్యేళ్ళ విద్య అది!

గొట్టంలో నీళ్ళు ఒత్తిడితో ఉన్నంతసేపూ, పగులున్నా నీళ్ళు బయటికే కారతాయి. సరఫరా ఆపగానే ఒత్తిడి పడిపోయి, పక్క కాలవలోని మురుగు ఆ పగుల్లోంచే లోపలికి చొరబడుతుంది. ఉన్నవాళ్ళు కుళాయికి నేరుగా మోటారు బిగించి లాగుతారు. వీధి చివరి ఇళ్ళకి గాలే మిగులుతుంది. అంటే ఆడవాళ్ళని చీకట్లో లేపుతున్నదీ, నీళ్ళని పాడుచేస్తున్నదీ ఒకటే, వదిలి ఆపే పద్ధతి. పాత పైపులు ఇన్నాళ్ళు నెట్టుకొచ్చాయంటే ఈ పారబోతలు, వడపోతలు, కాచి చల్లార్చడాలు ఆసరాగా ఉండబట్టే. ఏ అంచనాల పట్టికలో ఈ చాకిరీకి గడి ఉంది?

2015లో లక్ష జనాభా దాటిన పట్టణాలకి అమృత్ పథకం వచ్చింది. 2021లో రెండో విడతతో పట్టణాలన్నిటికీ విస్తరించింది. గొట్టాలు మార్చడం అవసరమే, కాదనను. అత్తయ్య వీధిలో పని చేయిస్తున్న ఇంజనీరుని “ఇక ఎన్ని గంటలొస్తాయండీ?” అని అడిగాను. “పైపులేయడం వరకే మా పని మేడమ్” అన్నాడాయన, మర్యాదగానే.

ఒడిశాలో పూరీకి 2021 జులైలో ఇరవై నాలుగు గంటలూ, కుళాయి నుంచే తాగగల నీటి సరఫరా మొదలైంది. యాత్రికులతో కిటకిటలాడే ఊరు. అక్కడ మహిళా సంఘాల ‘జలసాథీ’లు మీటరు చూస్తారు, బిల్లు వసూలు చేస్తారు, ఇంటింటా నీటిని పరీక్షిస్తారు. అత్తయ్య దోసిట్లో చేసే పరీక్షే అక్కడ ఉద్యోగమైందన్నమాట! సంతోషమే. అయితే వాళ్ళకిచ్చేది జీతం కాదు, వసూళ్ళలో వాటా. దాని పేరు ‘ప్రోత్సాహకం’. ఆశా కార్యకర్తల్ని చూశాక ఆ మాట వింటేనే నాకు జంకు.

నీళ్ళ గురించి మాట్లాడినంత తేలిగ్గా మురుగు గురించి మాట్లాడం. రక్షణ లేకుండా మనుషుల్ని మురుగుగుంటల్లోకి దించడాన్ని 2013 చట్టం నిషేధించింది. చనిపోయినవారి కుటుంబానికి 10 లక్షలివ్వాలని 2014లో, దాన్ని 30 లక్షలు చేస్తూ 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ చెక్కు కోసం ఆఫీసుల చుట్టూ తిరిగేది భార్యే. అత్తయ్య వీధిలో మంచినీటి గొట్టం కొత్తదయింది గాని మురుగు గొట్టం రానేలేదు. సెప్టిక్ ట్యాంకు నిండితే పిలవాల్సిన లారీ నంబరు గోడమీద రాసి ఉంది. మొన్న ఆ లారీతో వచ్చిన ఇద్దరు కుర్రాళ్ళకి చేతి తొడుగులు కూడా లేవు.