రెండు దిండ్ల మీద కాలు

రజబ్ నెల మొదటి వారం. ఫజ్ర్ నమాజు ముగించుకుని, హైదరాబాదు నుండి వచ్చిన బంధువులకు పెన్నా లోయను చూపడానికి బయలుదేరాను. మా ఊరు గండికోట. పెన్నా నది ఎర్రమల కొండలను చీల్చుకుని పారే గండి పక్కన, పాత కోట గోడల లోపల ఉన్న చిన్న ఊరు. ఇక్కడ పుట్టినవాడికి ఆ బండలు కొత్త కాదు. నా బాల్యమంతా చెప్పులు లేకుండా వాటి మీదే గడిచింది. అయినా మంచుకు తడిసిన ఒక వాలు బండ మీద ఎడమ కాలు జారింది. దేహం ఒక దిక్కుకు, పాదం మరొక దిక్కుకు తిరిగాయి. ఎండుకట్టె విరిగినట్లు శబ్దం వచ్చింది. ఆ శబ్దం నా కాలిదేనని గ్రహించడానికి కొంత సమయం పట్టింది.

జమ్మలమడుగులో ఎక్స్‌రే తీశారు. అక్కడి నుండి కడపకు తీసుకువెళ్ళారు. చీలమండకు రెండు వైపులా ఉండే ఎముకలు విరిగాయనీ, కీలు చోటు తప్పిందనీ, ఆపరేషన్ తప్పదనీ డాక్టరుగారు చెప్పారు. బంధువుల్లో పెద్దలు పుత్తూరు కట్టుకు వెళ్దామన్నారు. ఆకు పసరు, వెదురు బద్దలతో ఎందరి ఎముకలో అతికిన మాట అబద్ధం కాదు. కానీ కీలు తప్పిన చోట ఎముక ముక్కలను మళ్ళీ సరిగ్గా పొందుపరచాలంటే తెరిచి చూడక తప్పదని డాక్టరుగారు ఎక్స్‌రే చూపించి వివరించారు. నేను ఎటూ తేల్చుకోలేకపోతే నా భార్యే తేల్చింది. వాపు తగ్గడానికి ఐదు రోజులు ఆగి, ఆరో రోజు ఒక ప్లేటు, ఏడు స్క్రూలు వేశారు. ఆరు వారాలు పాదం నేల మీద మోపరాదన్నారు. పడుకున్నప్పుడు కాలు గుండె కంటే ఎత్తులో ఉండాలన్నారు. నాకు 54 ఏళ్ళు, పదకొండేళ్ళుగా చక్కెర వ్యాధి. కనుక చక్కెరను అదుపులో ఉంచుకోవడమే సగం వైద్యమని గట్టిగా హెచ్చరించారు.

ఆ విధంగా రెండు దిండ్ల మీద కాలు పెట్టుకుని ఇంటి ముందు గదిలో మంచం పట్టాను.

పగళ్ళు సులభంగానే గడిచాయి. వచ్చేవారు, పోయేవారు. వచ్చిన ప్రతి ఒక్కరూ ఎముక అతుకుతుందని పాయా తెచ్చేవారు. ఒక దశలో మా ఇంట్లో మూడు గిన్నెల పాయా ఉండేది. పక్కింటి రైతు రోజూ పొలం నుండి తిరిగి వస్తూ గడప దగ్గర ఆగి, “ఎట్లుండాది హజరత్తూ కాలు?” అని అడిగి, నా జవాబు వినకుండానే “ఏం గాదులే” అని వెళ్ళిపోయేవాడు. ఆ మాట నాకు ఎంత ఊరట కలిగించేదో అతనికి తెలియదు.

నమాజు విషయంలోనూ ఇబ్బంది కలగలేదు. నిలబడలేనివాడు కూర్చుని, కూర్చోలేనివాడు పక్కకు ఒరిగి నమాజు చేయవచ్చని హజ్రత్ ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి)కు దైవప్రవక్త (సఅసం) తెలిపిన హదీసు అందరికీ తెలిసినదే. వుజూలో మిగతా అవయవాలు కడిగి, కట్టు మీద తడి చేత్తో తుడిస్తే చాలు. మేజోళ్ళ మీద మసహ్‌కు ఉన్నట్లు దీనికి ఒక పగలు, ఒక రాత్రి అనే గడువు కూడా లేదు. ఇదంతా నేను ముప్పై ఏళ్ళుగా విద్యార్థులకు బోధిస్తున్న పాఠమే. పాఠాలలో లేనివి రాత్రులు.

రెండు గంటలకు మెలకువ వచ్చేది. రమజాన్ ఎనిమిది వారాల దూరంలో ఉంది. 28 ఏళ్ళుగా తరావీహ్ నేనే చదివిస్తున్నాను. ఈ ఏడు నిలబడగలనా? మదరసాలో హిఫ్జ్ పిల్లలు పాత పాఠం మరచిపోతున్నారేమో! జీతం మాట కమిటీవారు ఎవరూ ఎత్తలేదు. ఎత్తకపోవడమే మరొక దిగులు. స్నానాల గదికి కొడుకు భుజం పట్టుకుని గెంతుతూ వెళ్ళవలసి వచ్చేది. ఇతరులకు తవక్కుల్ గురించి బోధించినవాడికి ఒక తలుపు దాటడానికి సాయం అడగడమే కష్టమైంది. ఒంటెను కట్టి ఆ తర్వాత అల్లాహ్‌పై భారం వేయమనే హదీసును ఎన్ని సభలలో చెప్పానో లెక్క లేదు. కట్టవలసినదంతా కట్టాను. అయినా మనసు ఒంటెను విడిచి రాలేదు.

కిటికీ లోంచి కోట గోడ కనిపించేది. మూడు పక్కల లోయ, ఒక పక్క ఆ ఎత్తైన గోడ. ఇంత కట్టుదిట్టమైన కోట కూడా 1650లో మీర్ జుమ్లా వశమైంది. నిద్రపట్టనివాడు చరిత్రలో కూడా చెడునే వెతుక్కుంటాడు కాబోలు.

ఈ దిగుళ్ళన్నిటి వెనుక మరొకటి ఉంది. దాన్ని ఎవరికీ చెప్పలేదు. ప్రతి రాత్రి ఫోను దీపం వెలిగించి, కట్టులోంచి బయటికి కనిపించే కాలివేళ్ళను పరీక్షగా చూసుకునేవాడిని. నల్లబడ్డాయా? చల్లబడ్డాయా? ఒక్కొక్కటీ కదిలించి చూసేవాడిని. తిమ్మిరి అనిపిస్తే చాలు, చెమట పట్టేది.

సహనం గురించి చెప్పవలసి వచ్చినప్పుడు మాలాంటి వాళ్ళం హజ్రత్ ఉర్వా బిన్ జుబైర్ (రహ్మలై) వృత్తాంతం చెబుతాం. ఆయన హజ్రత్ జుబైర్, హజ్రత్ అస్మా (రజి)ల కుమారుడు, మదీనాలోని ఏడుగురు ప్రసిద్ధ ధర్మవేత్తలలో ఒకరు. ఖలీఫా వలీద్ వద్దకు వెళ్ళిన ప్రయాణంలో కాలికి కుళ్ళు సోకి, కాలు తీసివేయవలసి వచ్చిందనీ, ఆ ప్రయాణంలోనే ఒక కుమారుడిని కూడా కోల్పోయారనీ, అయినా అల్లాహ్‌ను స్తుతించడం మానలేదనీ చరిత్ర గ్రంథాలు చెబుతాయి. మంచం మీద ఉన్న నాకు ఆ వృత్తాంతం గుర్తుకు వచ్చినప్పుడల్లా ఊరట కలగలేదు, భయం కలిగింది. ఒక మౌల్వీ ఈ మాట వ్రాయడం సిగ్గుగానే ఉంది. అయినా జరిగింది అదే.

పదిహేనో రోజు కుట్లు చూపించుకోవడానికి కడపకు వెళ్ళాం. గాయం బాగుందన్నారు డాక్టరుగారు. ఇంకేమైనా అడగాలా అన్నారు. ఏమీ లేదన్నాను. అప్పుడు నా భార్య నోరు విప్పింది. “వీళ్ళ నాన్నగారికి చక్కెర వ్యాధితో కాలు తీసేశారు డాక్టరుగారూ. ఆ భయంతో ఈయన రాత్రి పూట నిద్రపోవడం లేదు. దీపం వేసుకుని వేళ్ళు చూసుకుంటున్నారు.”

ఆమె నిద్రపోతోందనుకున్నాను ఇన్ని రోజులూ.

డాక్టరుగారు కుర్చీ దగ్గరికి జరుపుకున్నారు. నా బొటనవేలి గోరును నొక్కి వదిలారు. తెల్లబడిన గోరు క్షణంలో మళ్ళీ ఎర్రబడింది. “రక్తం వస్తోంది, చూశారా?” అన్నారు. నన్ను కళ్ళు మూసుకోమని, సన్నని నైలాను పోగు ఒకటి తీసి అరికాలిలో అక్కడక్కడా తాకించారు. తాకిన ప్రతిసారీ చెప్పగలిగాను. మా నాన్నగారి గాయం ఎలా మొదలైందని అడిగారు. చెప్పులోంచి మేకు దిగిందనీ, అది తెలియక చాలా రోజులు అలాగే పొలానికి నడిచారనీ చెప్పాను. “ఆయనకు నొప్పి తెలియలేదు. మీకు తెలుస్తోంది. మీరు నొప్పి అని నన్ను విసిగిస్తున్నంత కాలం నాకు దిగులు లేదు” అన్నారు. జ్వరం, చీము, వేళ్ళు నల్లబడడం, పిక్క వాచి నొప్పి పెట్టడం, ఆయాసం — వీటిలో ఏది కనిపించినా ఆ క్షణమే రమ్మన్నారు. అవి లేనప్పుడు రాత్రి దీపం వేయరాదన్నారు. వేళ్ళను చూడడానికి ఉదయం ఒకసారి చాలట.

తిరుగు ప్రయాణంలో కారు వెనుక సీటులో కాలు చాపుకుని కూర్చుని ఏడ్చాను. కాలు గురించి కాదు.

మా అబ్బా కాలు తీసి పందొమ్మిదేళ్ళయింది. అప్పటికే నేను బోధకుడిని. ఆపరేషన్ అయిన నాలుగో రాత్రి ఆయన పక్కన కూర్చుని ఉన్నాను. “బేటా, నా కాలు ఎక్కడ పూడ్చారు?” అని అడిగారు. నేను జవాబు చెప్పలేదు. సహనం మీద ఉపన్యాసం చెప్పాను. ఇదే ఉర్వా (రహ్మలై) వృత్తాంతం చెప్పాను. ఆయన చివరి దాకా విని, గోడ వైపుకు తిరిగి పడుకున్నారు. మళ్ళీ ఆ ప్రశ్న అడగలేదు. ఏడాది తిరగకుండానే వెళ్ళిపోయారు. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్.

దైవప్రవక్త (సఅసం) అల్లాహ్ శరణు కోరే దుఆలలో ‘హమ్మ్’, ‘హుజ్న్’ అనే రెండు మాటలు పక్కపక్కనే వస్తాయి. హమ్మ్ అంటే రాబోయేదాని గురించిన దిగులు, హుజ్న్ అంటే జరిగిపోయినదాని గురించిన దుఃఖం అని వ్యాఖ్యాతలు వివరిస్తారు. ఈ తేడాను నల్లబల్ల మీద వ్రాసి మరీ చెప్పేవాడిని. నా రాత్రులను పట్టి పీడించినది హమ్మ్ అనుకున్నాను. దానికి తగిన మందులే వాడాను: లెక్కలు వేసుకోవడం, జాగ్రత్తలు తీసుకోవడం, భవిష్యత్తును అల్లాహ్‌కు అప్పగిస్తున్నానని నాకు నేను చెప్పుకోవడం. తగ్గలేదు. అది హుజ్న్ కనుక తగ్గలేదు. దుఃఖానికి లెక్కలు పనికిరావు. దాన్ని మొరపెట్టుకోవాలి. యాఖూబ్ ప్రవక్త (అలైహిస్సలాం) కళ్ళు తెల్లబడేంతగా ఏడ్చారు, తన వేదనను అల్లాహ్‌తోనే చెప్పుకున్నారు. ఆయనకు సహనం లేదని ఎవరంటారు?

ఆ రాత్రి నా కొడుకుకు ఈ సంగతంతా చెప్పాను. వాడు కొంచెంసేపు మౌనంగా ఉండి, “ఎక్కడ పూడ్చారు అబ్బూ?” అని అడిగాడు. కబరస్తానులో తూర్పు గోడ దగ్గర, వేపచెట్టు కింద. గుడ్డలో చుట్టి మీ పెద్దనాన్న తీసుకువెళ్ళి పూడ్చారు. తరువాత దాదాను కూడా ఆ పక్కనే ఉంచాం — అని చెప్పాను. పందొమ్మిదేళ్ళు ఆలస్యంగా, అడిగినవారికి కాక ఆయన మనవడికి చెప్పాను. ఆ తర్వాత దిగుళ్ళు లేకుండా పోలేదు. కానీ రెండు గంటలకు లేచినా మళ్ళీ నిద్ర పట్టేది.

మరొక హదీసు గురించి కూడా చెప్పాలి. దైవప్రవక్త (సఅసం) మదీనాలో గుర్రం మీద నుండి ఖర్జూరపు మోడు మీద పడ్డారు. పాదం కీలు తప్పింది. సహాబాలు పరామర్శకు వెళ్ళేసరికి హజ్రత్ ఆయిషా (రజి) గదిలో కూర్చుని నమాజు చేస్తున్నారని హజ్రత్ జాబిర్ (రజి) తెలిపారు. అబూదావూద్‌లో ఉంది. దీన్ని ప్రతి ఏడూ పాఠంగా చెబుతాను. కూర్చున్న ఇమాము వెనుక నిలబడి చేయవచ్చా, కూర్చునే చేయాలా, ఏ ఇమాము ఏమన్నారు, ఏది రద్దయింది, చివరి జబ్బులో జరిగినది ఏమిటి — గంటసేపు చర్చ నడుస్తుంది. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఆ గదిలో నొప్పి పెడుతున్న పాదం ఒకటి ఉందని నాకు తోచలేదు. ఆయనకూ ఎవరో లేవడానికి చేయి అందించి ఉంటారు. వచ్చినవారు పాదం ఎలా ఉందని అడిగి ఉంటారు. ఇది ఉర్వా (రహ్మలై) వృత్తాంతమంత గంభీరమైనది కాదు. నాకు సరిపోయినది ఇదే.

ఆరు వారాల తర్వాత వాకరు పట్టుకుని నిలబడ్డాను. రమజాన్ వచ్చేసరికి పది అడుగులు వేయగలిగాను. సజ్దాకు మాత్రం కాలు వంగదు. సైగలతో నమాజు చేసేవాడు పూర్తిగా రుకూ, సజ్దా చేసేవారికి ఇమాముగా ఉండరాదని మా హనఫీ ధర్మశాస్త్రం చెబుతుంది. కనుక వాదించడానికి ఏమీ లేదు. నా దగ్గర హిఫ్జ్ పూర్తిచేసిన కుర్రవాడిని తరావీహ్‌కు నిలబెట్టి, నేను చివరి వరుసలో కుర్చీలో కూర్చున్నాను. మొదటి రాత్రి అసూయ కలిగింది. దాన్ని దాచడం ఎందుకు? మూడో రాత్రికి తగ్గింది. ఆరోగ్యంగా ఉన్నప్పుడు చేసే ఆచరణలే జబ్బుపడినప్పుడు కూడా దాసుని లెక్కలో వ్రాయబడతాయనే శుభవార్త బుఖారీలో ఉంది. 28 ఏళ్ళ లెక్క ఎక్కడికీ పోలేదు.

పదో రాత్రి యూసుఫ్ సూరా వచ్చింది. యాఖూబ్ (అలైహిస్సలాం) మొరపెట్టుకునే చోట కుర్రవాడు తడబడి ఆగాడు. ఒకసారి వెనక్కి వెళ్ళి మళ్ళీ వచ్చి, మళ్ళీ అక్కడే ఆగాడు. ముందు వరుసలో ఎవరికీ అందలేదు. కుర్చీలోంచి నేనే అందించాను. వాడు అందుకుని ముందుకు సాగాడు.

నమాజు ముగిశాక చూస్తే వాకరు కనిపించలేదు. పిల్లలు దాన్ని బయటికి తీసుకువెళ్ళి, వంతులవారీగా నా నడకను అనుకరిస్తున్నారు. కొడుకు వారిని గదమాయించబోయాడు. ఉండనీ అన్నాను. వాడి భుజం పట్టుకుని మెట్లు దిగాను.