ఇల్లొకచోట, గుమ్మమొకచోట

బదిలీ అయినా తెలుగు పాఠాలు వెంట రావాలని ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లో లినక్స్ ఎక్కించుకున్నాం. కొత్త బడిలో, తెల్లవారితే పాఠం అనగా, అక్కడి కంప్యూటర్‌కు తగిలిస్తే పలకలేదు. డ్రైవ్ తీసేసిన మా ల్యాప్‌టాప్ కూడా నల్లతెరపై ‘గ్రబ్’ అంటూ మొరాయించింది.

పిల్లలతో కలిసి వెతికాం. సామానంతా డ్రైవ్‌లోనే ఉంది; బూట్‌లోడర్ మాత్రం ల్యాప్‌టాప్ లోపలి డిస్కులో, ఈఎఫ్ఐ విభాగంలో పడింది.

పెన్‌డ్రైవ్‌లోని లినక్స్‌తో కంప్యూటర్ తెరిచి, ముందు పాఠాలకు నకలు తీసుకున్నాం. తర్వాత డ్రైవ్‌లోనే ఫ్యాట్32 పద్ధతిలో చిన్న ఈఎఫ్ఐ విభాగం చేసి, కొత్త కంప్యూటర్ వెతికే ‘బూట్’ ఫోల్డర్‌లో బూట్‌లోడర్ పెట్టాం. ల్యాప్‌టాప్ బూట్ వరుసలో విండోస్‌ను మళ్లీ ముందుకు తెచ్చాం. రెండూ లేచాయి.

పిల్లలూ, ఊళ్లు మారే మనం సామాను మరిచిపోం. అమ్మభాష గుమ్మాన్నే పాత ఊళ్లో వదిలేస్తుంటాం.