పొగ ఎవరి వంతు?

మా రాయికల్ చుట్టుపక్కల వానలు పడ్డాయంటే ఒక చప్పుడు మొదలవుతుంది. గడ్డి కోసే మిషిన్ చప్పుడు. మామిడితోటల్లో, పొలం గట్ల మీద, బడి ఆవరణల్లో... భుజాన మిషిన్ తగిలించుకొని, ముఖానికి తువ్వాల చుట్టుకొని ఓ మనిషి కనిపిస్తాడు. ఇదివరకు నలుగురైదుగురు కొడవళ్లు పట్టి రోజంతా చేసిన పనిని ఆ ఒక్కడే చేసేస్తాడు. చూసేవాళ్లకు కనిపించేది గడ్డి తెగడం. మోసేవాడికి ముందు తెలిసేది పొగ. ఇంజిన్ అతని వెనకే, ముక్కుకు మూరెడు దూరంలోనే ఉంటుంది మరి!

మా తమ్ముడిది ఇప్పుడు అదే పని. పన్నెండేళ్లు గల్ఫ్‌లో ఉండి వచ్చాడు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు గల్ఫ్ మొహం చూడని వాడ ఉండదు. అక్కడికి పోయినవాళ్లంతా ఎత్తయిన బిల్డింగులే కడతారని చాలామంది అనుకుంటారు. కానీ ఆ ఎడారిలో పచ్చిక పెంచేవాళ్లు, దాన్ని కోసేవాళ్లు కూడా మనవాళ్లలో ఎందరో ఉన్నారు. మా తమ్ముడు ఒక కంపెనీలో తోటపని చేశాడు. "మనం పొలంల గడ్డి పీకి గట్టు మీద పారేస్తం. ఆడ గడ్డికి నీళ్లు పెట్టి, ఎరువేసి, వారం వారం క్షవరం చేస్తరే అన్నా!" అని ఫోన్‌లో చెప్పి నవ్వేవాడు. పగలంతా పెట్రోల్ మిషిన్ వెనక నడిచి, రాత్రి క్యాంపులో తలనొప్పి మాత్ర వేసుకొని పడుకునేవాడని మాత్రం తిరిగొచ్చాకే చెప్పాడు.

ఈ మిషిన్‌కు ఒక కథ ఉంది. దాన్ని కనిపెట్టిన వాడు ఇంగ్లాండులోని స్ట్రౌడ్ ప్రాంతానికి చెందిన ఎడ్విన్ బడ్డింగ్. అక్కడి ఉన్ని బట్టల మిల్లుల్లో, నేసిన బట్ట మీద లేచిన నూగును సమంగా కత్తిరించే యంత్రం ఉండేది. దాన్ని చూసి, బట్ట మీది నూగును కోసినట్టే నేల మీది గడ్డినీ కోయవచ్చు కదా అనుకున్నాడు. 1830లో పేటెంటు తీసుకున్నాడు. మరమగ్గాల చప్పుడు మధ్య బతికే సిరిసిల్లవాళ్లకు ఈ కథ నచ్చుతుంది. బట్టల మిల్లులో పుట్టిన ఆలోచన తోటలోకి నడిచొచ్చింది! ఆ మొదటి మిషిన్‌కు పొగ లేదు. మనిషి తోస్తే నడిచేది. ఇంజిన్ తగిలించాక శ్రమ తగ్గింది, పొగ వచ్చి చేరింది.

ఆ మధ్య తమ్ముడికి దగ్గు పట్టుకొని వదల్లేదు. జగిత్యాలలో డాక్టరు పరీక్షించి, ఏం పని చేస్తావని అడిగి, "ఆ పొగకు దూరంగా ఉండు" అన్నాడు. ఇంటికొచ్చి వాకిట్లో కూర్చొని నన్నొక ప్రశ్న అడిగాడు. "అన్నా, ఇంట్ల వంట గ్యాసు మీద అయితంది. పట్నంల ఆటోలు గ్యాసు మీద నడుస్తయి. గీ మిషిన్ ఎందుకు నడువది?"

మంచి ప్రశ్నే. నేను జవాబు వెతకనక్కర్లేకపోయింది. గ్యాసు మీద నడిచే గడ్డి మిషిన్‌ను కళ్లారా చూసి ఉన్నాను. మా అమ్మాయి అమెరికాలోని డల్లాస్‌లో ఉంటుంది. నేనూ మా ఆవిడా అక్కడికి వెళ్లినప్పుడు ఓ పొద్దున అపార్టుమెంట్ల మధ్య పచ్చిక కోస్తున్నారు. కూర్చొని నడిపే పెద్ద మిషిన్. సీటు వెనక ఓ సిలిండరు. మన వంటింట్లో సిలిండరు నిలబడి ఉంటుంది, అది పక్కకు పడుకొని ఉంది. అంతే తేడా! "నాన్నా, అందరూ ఇళ్లు, రోడ్లు చూస్తరు. నువ్వేంది గడ్డి మిషిన్ చూస్తున్నవ్?" అని అమ్మాయి నవ్వింది.

ఆ సిలిండర్‌లో ఉండేది ప్రొపేన్. మన వంటగ్యాసులో ప్రొపేన్, బ్యుటేన్ రెండూ కలిసి ఉంటాయి. బ్యుటేన్ సున్నా డిగ్రీల దగ్గరే ఆవిరి కావడం మానేస్తుంది. ప్రొపేన్ మైనస్ 42 డిగ్రీల దాకా ఆవిరవుతుంది. అందుకే చలిదేశాల్లో దానికంత గిరాకీ. 1910లో వాల్టర్ స్నెల్లింగ్ అనే అమెరికా రసాయన శాస్త్రవేత్త, పెట్రోల్‌లోంచి ఊరికే ఎగిరిపోతున్న ఆవిర్లేమిటని ఆరా తీస్తుంటే ఈ ప్రొపేన్ దొరికింది. అంటే పెట్రోల్ నుంచి తప్పించుకుపోయినదే ఇప్పుడు పెట్రోల్‌కు పోటీకొచ్చిందన్నమాట.

గడ్డి కోయడం వ్యాపారంగా చేసేవాళ్లకు ఇందులో లాభాలున్నాయి. గ్యాసు మూసిన గొట్టాల్లోంచే ఇంజిన్‌లోకి వెళ్తుంది కాబట్టి పోసేటప్పుడు ఒలకడం ఉండదు. నెలల తరబడి వాడకపోయినా, పెట్రోల్ లాగా పాతబడి కార్బురేటర్‌లో జిగురు పట్టదు. కార్బన్ మోనాక్సైడ్, మసి తగ్గుతాయి. తగ్గుతాయంటున్నాను, పోతాయనడం లేదు. కష్టాలూ ఉన్నాయి. లీటరుకు లీటరు పోలిస్తే పెట్రోల్ కంటే దాదాపు పావువంతు తక్కువ శక్తినిస్తుంది. మిషిన్‌కు మొదట పెట్టే ఖర్చు ఎక్కువ. సిలిండర్లు తెచ్చిచ్చే ఏర్పాటు దగ్గర్లో ఉండాలి.

మరి మా తమ్ముడి మిషిన్ సంగతి? అది టూ స్ట్రోక్ ఇంజిన్. పెట్రోల్‌లో టూ-టీ ఆయిల్ కలిపి పోస్తారు. లోపలి భాగాలు అరిగిపోకుండా కాపాడేది ఆ ఆయిలే. గ్యాసు ఆయిల్‌ను మోసుకుపోలేదు. పైగా ఈ రకం ఇంజిన్‌లో ఇంధనం కొంత కాలకుండానే బయటికి వస్తుంది. తమ్ముడి ముక్కుకు తగిలేది అదే. అమెరికాలో లెహర్ అనే కంపెనీ చేతిలో పట్టుకొనే చిన్న ప్రొపేన్ మిషిన్ కూడా చేసింది. కానీ దానికి ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ పెట్టింది. మనకున్న మిషిన్‌కు గ్యాసు గొట్టం తగిలిస్తే సరిపోదు. ఇంకో మాట. ఇంట్లో వాడే 14.2 కిలోల సిలిండర్‌ను ఇంజిన్‌కు తగిలించడం చట్టరీత్యా నేరం, ప్రాణానికి ప్రమాదం. 2000లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి బండ్లకు గ్యాసును అనుమతించినప్పుడు కూడా దానికి వేరే ట్యాంకులు, వేరే బంకులు పెట్టారు. ఈ గ్యాసు గాలికంటే బరువు. లీకైతే పైకి పోదు, కిందే పరుచుకొని నిప్పు కోసం కాచుక్కూర్చుంటుంది.

ఇదంతా విని తమ్ముడు, "అయితే గీ పొగ మనకు రాసిపెట్టిందన్నట్టు" అన్నాడు. ఆ మాట నన్ను చాలా దూరం తీసుకుపోయింది. మా అమ్మ ఊదుగొట్టంతో పొయ్యి ఊది ఊది కళ్లు ఎర్రగా చేసుకునేది. ఆ పొగ ఆమె వంతు అని ఇంట్లో ఎవరూ అనలేదు. అనకుండానే అది ఆమె వంతైంది. కట్టెలు కొట్టుకొచ్చే వాళ్లకు, అన్నం తినేవాళ్లకు పొగ లేదు. 1999లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం కింద పొదుపు సంఘాల మహిళలకు గ్యాసు కనెక్షన్లు ఇచ్చారు. 2016లో కేంద్రం ఉజ్వల తెచ్చింది. గ్యాసు అంతకు ముందెప్పటినుంచో ఉంది. పొయ్యి ముందు కూర్చున్న మనిషి ఊపిరి కూడా లెక్కలోకి వస్తుందని ఎవరో అనుకున్నాకే అది పల్లె వంటిళ్లకు వచ్చింది.

గడ్డి మిషిన్‌దీ అదే సంగతి. కాలిఫోర్నియా వాయు కాలుష్య నియంత్రణ సంస్థ ఒక లెక్క చెప్పింది. పెట్రోల్ లాన్‌మోవర్ గంటసేపు నడిస్తే వెలువడే, స్మాగ్‌ను పుట్టించే కాలుష్యం, ఒక కారు 300 మైళ్లు, అంటే దాదాపు 480 కిలోమీటర్లు నడిచినప్పటి దాంతో సమానమట! రాయికల్ నుంచి హైదరాబాద్ పోయొచ్చినా ఇంకా మిగిలే దూరం. ఆ లెక్క చూశాక 2021లో అక్కడ చట్టం చేశారు. 2024 నుంచి తయారయ్యే ఇలాంటి చిన్న మిషిన్లలో చాలావాటికి అసలు పొగే ఉండకూడదన్నారు. అంటే అక్కడ ప్రొపేన్ కూడా దారి మధ్యలో మజిలీయే. తర్వాతి ఊరు బ్యాటరీ.

బ్యాటరీ మిషిన్లు మన దగ్గరా దొరుకుతున్నాయి. తమ్ముడు ఒకటి అడిగి తెచ్చుకొని బడి ఆవరణలో నడిపి చూశాడు. పొగ లేదు, వాసన లేదు. మూడెకరాల మామిడితోటలోకి దిగితే మాత్రం చార్జింగ్ సగంలోనే అయిపోయింది. రెండో బ్యాటరీ కొనాలి. తోట యజమానిని గంటకు ఇంకో యాభై ఎక్కువ అడిగితే, "పెట్రోల్ మిషినోడు తక్కువకే వస్తుండు గదా" అన్నాడట. "పొగ నాది, లెక్క ఇంకోల్లది అన్నా" అన్నాడు తమ్ముడు.

ఇంధనాల గురించి నేను విన్న మాటల్లో ఇంత సూటి మాట ఇంకోటి లేదు. డబ్బు పెట్టేవాడికి ముక్కుకు పొగ తగలదు. పొగ తగిలేవాడి చేతిలో డబ్బుండదు. మున్సిపాలిటీ పార్కుకైనా, ఆఫీసు ముందు పచ్చికకైనా మిషిన్ కొనేటప్పుడు ధర ఎంత, గంటకు ఎంత తాగుతుంది అని అడుగుతాం. దాన్ని రోజుకు ఆరుగంటలు మోసేవాడు ఏం పీలుస్తాడని కూడా ఒక్కసారి అడగాలి. గ్యాసా, కరెంటా అన్నది ఆ తర్వాతి మాట.

జగిత్యాల మామిడి కోసం ఢిల్లీ వ్యాపారులు చల్‌గల్ మార్కెట్‌కు వస్తారు. ఆ పండు తియ్యదనంలో తోటలో గడ్డి కోసినవాడి ఊపిరి కూడా కొంత ఉంది. వచ్చే వానాకాలానికి రెండో బ్యాటరీ కొందామని తమ్ముడితో అన్నాను. సగం నేను పెడతానన్నాను. పెరిగిన ఆ యాభై ఇచ్చే తోట యజమానులు ఇద్దరు దొరికారు. మూడోవాడి కోసం చూస్తున్నాం.